వెనక చక్రం మోత

ఈమధ్య మా వీధికి వచ్చే ఏఎన్ఎం అమ్మాయి స్కూటీకి స్టాండు వేస్తూ, "పెద్దమ్మా, మీరు ఈ మెట్ట ఊళ్ళన్నీ సైకిలు మీద ఎట్లా తిరిగారండీ, పాపం!" అంది. ఆ పాపం దగ్గర నాకు ఒళ్ళు మండింది. జాలి పడాల్సింది నా మీద కాదు, నా సైకిలు వెనక చక్రం మీద. ఆ సంగతి వీధిలో నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు తీరిక ఉంటే చదవండి. ఇందులో ఆరోగ్య శాఖకు పనికొచ్చే ముక్క ఒక్కటే ఉంది. మిగతాదంతా ఇరుసూ, కందెనా, మిరపకాయలూ.

ఎనభైల నడుమ నేను దర్శి అవతల పల్లెల్లో నర్సమ్మని. మా ఆయన బళ్ళో మేస్టారు. ఆయన ఎవరి దగ్గరో కొని తెచ్చిన పాత లేడీస్ సైకిలు నా వాహనం. దాని క్యారియరు మీద ఐసు పెట్టిన టీకా డబ్బా, హ్యాండిలుకి సంచీ, సంచీలో గాజు సిరంజీలూ, వాటిని ఉడకబెట్టే కిరసనాయిలు స్టవ్వూ. అప్పట్లో ఒకసారి వాడి పారేసే సూదులు లేవు. పొద్దున్నే బయలుదేరితే ఐసు కరిగేలోపు పని ముగించుకోవాలి. నా ఉద్యోగమంతా ఎండకీ ఐసుకీ మధ్య పరుగు పందెం.

ఆ సైకిలుకి బెల్లు లేదు, అవసరమూ లేదు. వెనక చక్రం నడిమి హబ్బులో బాల్సు అనే ఉక్కు గుండ్లు అరిగి, వాటిని బిగించే కోన్లు గుంటలు పడి, ఇరుసు వంగి, చక్రం తిరిగినప్పుడల్లా కటకటా కొట్టుకునేది. ఆ కటకట మధ్యలో రిమ్ము మడ్ గార్డుకి రాసుకుని కీచుమనేది. నేను ఊరి పొలిమేరలో ఉండగానే ఊళ్ళోవాళ్ళకి కబురు అందేది. "నర్సమ్మ వస్తందే!" అని ఒక కేక, ఆ వెంటనే ధడేల్మని తలుపులు. పిల్లల్ని గాదెల వెనకా, మంచాల కిందా, ఇంట్లో పోసిన పత్తి కుప్పల చాటునా దాచేసేవాళ్ళు. ఒకసారి పత్తి కుప్ప తుమ్మింది. నేను చెయ్యి పెట్టి లాగితే తలనిండా పింజలతో రెండేళ్ళవాడు బయటికొచ్చాడు. వాళ్ళమ్మ నా వంక చూసి, "ఈడెప్పుడు దూరాడమ్మా ఇందులో!" అని ఆశ్చర్యపోయింది. నాటకాలకి పంపాల్సిన మనిషి.

అన్ని ఊళ్ళలోకీ మొండి ఊరు డొంక చివర ఉన్న చిన్న పల్లె. అందరూ కూలిజనం, చేలల్లో పుట్టి చేలల్లో పెరిగినవాళ్ళు. సూది వేస్తే జ్వరం వస్తుంది, జ్వరం వస్తే ఒకరు ఇంట్లో కూర్చోవాలి, కూర్చుంటే ఆ పూట పొయ్యి వెలగదు. వాళ్ళ భయంలో అర్థం లేకపోలేదు. అందుకే నేను తిట్టలేకపోయేదాన్ని. తిట్టకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మా ఆయన్ని అడగాలి.

ఆ పల్లెలో మిరప కోతల ముఠాకి ఒక పెద్ద ఉండేది. పొడుగాటి మనిషి, గొంతు విప్పితే రెండు చేల అవతలి ఎద్దులు కూడా ఆగేవి. ఆవిడ పెద్ద మనవడికి పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. వాడికి ఆ జబ్బు వచ్చాక ఒక రోజు తనంతట తనే నా సైకిలుకి అడ్డంగా నిలబడింది. చంకలో ఏడాది కూడా నిండని మనవరాలు.

"దీనికి చుక్కలెయ్యమ్మా. ఆడికైంది చాలు. మా ముఠాలో పిల్లలున్నోళ్ళందరి చేతా ఏయిస్తా. కాకపోతే కోతలప్పుడు బడికాడికొచ్చి పొద్దస్తమానం కూకోమంటే కుదరదు. చేను గలాయన ఊరుకోడు. నువ్వు వచ్చినప్పుడు వస్తాం, ఏయించుకుని పోతాం."

"నేను వచ్చానని చేలో ఉన్నవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

"తెలుస్తుందిలేమ్మా" అని నవ్వి వెళ్ళిపోయింది. ఎట్లా తెలుస్తుందో నేను ఇంకొక ప్రశ్న వేసి ఉంటే ఈ కథ లేదు.

సరిగ్గా ఆ నెలలోనే మా సూపర్వైజరమ్మ ఒక మాట అంది. "ఆ డొంక చివరి పల్లెకి వెళ్ళడం దండగమ్మా. ఒక్కరు రారు, ఐసు కరగడమే. ఈసారి నేనే వచ్చి చూస్తాను. ఎవరూ రాకపోతే ఆ పల్లెకిచ్చిన టీకాల రోజుని రోడ్డు మీది పెద్ద ఊరికి ఇచ్చేద్దాం. కావలసినవాళ్ళు అక్కడికే నడిచొస్తారు." ఎవరూ నడిచి రారని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఒక్క రోజూ పోతే ముఠా పెద్ద మనవరాలికీ, ఆ ఊరి పిల్లలకీ చుక్కలు లేనట్టే. నేను గుండె చిక్కబట్టుకుని, "రండమ్మా, అందరూ వస్తారు, మీరే చూస్తారు" అన్నాను.

ఆవిడ రోడ్డు దాకా బస్సులో వస్తుంది. అక్కడి నుంచి పల్లెకి నా సైకిలు క్యారియరు మీదే రావాలి. ఆవిడ దిట్టమైన మనిషి. ఇది విని మా ఆయన వెనక చక్రం పట్టుకుని ఊపి చూశాడు. అది కదిలే పన్నులా ఊగింది.

"ఈ ఇరుసు మీద ఆవిడ్ని ఎక్కించావంటే డొంకలో మీరిద్దరూ కింద ఉంటారు, టీకాలు మీ మీద ఉంటాయి" అన్నాడు.

"సైకిలు షాపులో ఇద్దామా?"

"షాపెందుకు? నేను లేనా?"

మా ఆయన్ని ఆ మాట అననివ్వకుండా ఉండాలంటే సైకిలు ఊసే ఎత్తకూడదు. ఆయన శనివారం దర్శి వెళ్ళి కొత్త ఇరుసూ, కోన్లూ, ఒక పొట్లంలో బాల్సూ తెచ్చాడు. ఆదివారం ఆరాధన ముగిసి చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి, బనీనుతో పెరట్లో కూర్చున్నాడు. నేను పాస్టరుగారు ఇటు రాకూడదని లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. ఆ రోజు ఆ ప్రార్థన ఒక్కటే ఫలించింది.

మేం అద్దెకున్నది ఒక సాయిబుల ఇంట్లో. ఇంటి గలావిడ ముసలావిడ, భర్త పోయాక కొడుకు చేత ఎద్దుబండి తోలించి, కాస్త మిరప చేను పెట్టించేది. ఆ రోజు పెరడంతా ఆవిడ మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. మా ఆయన ఒక మూల కాస్త చోటు చూసుకుని సైకిలుని సీటు మీదా హ్యాండిలు మీదా తలకిందులుగా నిలబెట్టాడు. నట్లు విప్పి, చైను తప్పించి, చక్రం బయటికి లాగాడు. కోన్ తిప్పి తీయగానే పాత బాల్సు జలజలా రాలాయి. కొన్ని గుండ్రంగా లేవు, కొన్ని ముక్కలు. ఇరుసుని కంటి ముందు పెట్టుకుని చూసి, "చూడు, విల్లు! ఇన్నాళ్ళు నువ్వు దీని మీద తిరిగింది ప్రభువు దయ" అన్నాడు.

అంతా బాగానే సాగుతోంది. రెండు చేతులూ మసి కాబట్టి కొత్త బాల్సు పొట్లాన్ని పళ్ళతో పట్టుకున్నాడు. అప్పుడు చిన్న గాలి లేచింది. ఎండుమిరప పెరట్లో గాలి లేస్తే ఏమవుతుందో మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన ముక్కు ఎగబీల్చాడు, కళ్ళు పెద్దవి చేశాడు, చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే చెయ్యి మసి. తుమ్మాడు. పొట్లం ఆయన నోట్లోంచి ఎగిరి మిరపకాయల మీద పడి పగిలింది. బాల్సన్నీ ఆ ఎర్ర రాశిలోకి ఇంకిపోయాయి.

"కదలొద్దు! ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. కదిలేదెవరు, నేను నవ్వలేక చస్తున్నాను.

ఆదివారం. దర్శిలో ఆ షాపు మూసి ఉంటుంది. పాతవి పనికిరావు, కొత్తవాటిలో ఒక్కటి తగ్గినా చక్రం కుదరదంటాడు. మర్నాడే సూపర్వైజరమ్మ రాక. ఆయన బడికి పరుగెత్తి, సైన్సు పాఠానికి వాడే అయస్కాంతం తెచ్చి మిరపకాయల మీద ఇటూ అటూ తిప్పాడు. దానికి ఒక లాడం మేకు, మూడు తలపిన్నులు, ఎప్పుడో పోయిన మా తాళం చెవి అంటుకొచ్చాయి. బాల్సు అడుగుకి జారిపోయాయి కాబోలు, ఒక్కటి రాలేదు. ఇక ఇద్దరం చేతులతో వెతకడం మొదలుపెట్టాం. కాసేపటికి ఆయన కన్ను నలుపుకున్నాడు. అదొక్కటీ చేయకుండా ఉండాల్సింది. పెరడంతా కలియదొక్కుతూ, "నీళ్ళు! నీళ్ళు!" అని కేకలు.

ఇంటి గలావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక చేతిలో మజ్జిగ చెంబూ, ఒక చేతిలో చేటా పట్టుకుని వచ్చింది. మజ్జిగ మా ఆయన చేతుల మీద పోసింది.

"ఏందయ్యా మేస్టారూ, నా కాయలన్నీ తొక్కి పచ్చడి చేస్తన్నావు! సైకిలు బాగుజేసేది కాయల్లో కూకునా?"

"బాల్సు పడ్డాయండీ" అన్నాడు, కళ్ళ నీళ్ళు కారుస్తూ.

"పడితే చెరగాలి గానీ, దేవులాడతారా ఎవరన్నా?"

ఆవిడా నేనూ చెరో చేటా పట్టుకుని కూర్చున్నాం. గుప్పెడు గుప్పెడు మిరపకాయలు చేటలో పోసి చెరిగితే కాయలు ముందుకి పోతాయి, బాల్సు బరువుకి చేట మొదట్లో ఆగిపోతాయి. ఒక్కొక్కటి టక్కుమన్నప్పుడల్లా మా ఆయన పరుగున వచ్చి తీసుకుని గుడ్డలో మూట కట్టుకునేవాడు. మధ్యమధ్య ముగ్గురం తుమ్ములు. ఒకరు ఆపితే ఇంకొకరు. పెరటి గోడ అవతల నుంచి, "ఏం జరుగుతుందే అక్కడ?" అని పక్కింటావిడ తొంగి చూసి, తనూ తుమ్మి వెళ్ళిపోయింది. చివరి బాలు ఒక పగిలిన కాయ కడుపులో గింజలతో పాటు దాక్కుని ఉంది.

అన్నీ దొరికాక తెలిసింది, మా ఆయన గ్రీజు తేవడం మరిచిపోయాడని. నేను నోరు తెరిచేలోపు ఇంటి గలావిడ, "గ్రీజెందుకయ్యా, మా బండి కందెన లేదా" అంది. ఎద్దుబండి ఇరుసుకి పూసే కందెన, కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి నూరినది. మా ఆయన ముందు ముఖం చిట్లించాడు. కానీ ఆ జిగురులో బాల్సు ఒక్కొక్కటి పెట్టగానే అక్కడే అంటుకుని నిలిచాయి. చైను వైపు బాల్సు కూర్చునే గిన్నెలోకి వేళ్ళు దూరక, నా మందుల సంచీలోని ఫోర్సెప్సు, అదే సన్న పట్టుకారు, అడిగాడు.

"ఉడకబెట్టింది. ముట్టుకుంటే ఊరుకోను."

"మళ్ళీ ఉడకబెట్టుకో!"

"మీరే ఉడికిపోతారు." చివరికి ఆయనకి దొరికింది నా తలపిన్ను.

ఇరుసు దూర్చి, కోన్లు బిగించడం మొదలుపెట్టాక ఆయనకి లోకం తెలియలేదు. కాస్త బిగిస్తే చక్రం మొరాయిస్తుంది, కాస్త వదిలితే ఊగుతుంది. బిగించి, తిప్పి, చెవి పెట్టి విని, మళ్ళీ విప్పి. పొద్దు వాలేటప్పటికి చక్రాన్ని వేలితో తోసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది తిరిగి తిరిగి, ట్యూబు వాల్వు బరువుకి మెల్లగా వెనక్కీ ముందుకీ ఊగి, వాల్వు కిందికి వచ్చి ఆగింది. ఒక్క చప్పుడు లేదు.

"విన్నావా?" అన్నాడు.

"ఏమీ వినపడలేదు."

"అదీ!" అని చొక్కా లేని ఛాతీ విరుచుకున్నాడు. నాకు ఆ క్షణాన మా ఆయన నిజంగా ముద్దొచ్చాడు. ఆయన కళ్ళు ఇంకా మిరపపండ్లలాగే ఉన్నాయి.

మర్నాడు సూపర్వైజరమ్మ బస్సు దిగి, టీకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని క్యారియరు మీద కూర్చుంది. ఇరుసు కిక్కురుమనలేదు. డొంకలో చక్రం వెన్న మీద కత్తిలా పోతుంటే, "ఏమ్మా, నీ సైకిలు మోత గురించి కథలు చెప్పారే! ఇది కారులా పోతోంది" అంది. నేను గర్వంగా తొక్కాను. పక్కనే మిరప చేలో ముఠా అంతా నడుం వంచి కోస్తోంది. తలల మీద గుడ్డలు తప్ప ఏమీ కనపడటం లేదు. పిల్లల ఉయ్యాలలు అవతలి గట్టు మీది తుమ్మచెట్టుకి ఉన్నాయి. పిలుద్దామనుకున్నాను. తెలుస్తుందిలేమ్మా అందిగా అని ఊరుకుని, సూపర్వైజరమ్మ ముందు దర్జాగా దాటిపోయాను.

బడి వరండాలో బల్ల వేశాం. స్టవ్వు వెలిగించాను, సిరంజీలు ఉడికాయి, చల్లారాయి. ఎవరూ రాలేదు. ఒక మేక వచ్చి బల్ల మీది దూది వాసన చూసి వెళ్ళింది. ఇంకాసేపటికి అదే మేక మళ్ళీ వచ్చింది. సూపర్వైజరమ్మ డబ్బా మూత తీసి ఐసు చూసి, "వచ్చేవాళ్ళయితే ఈపాటికి వచ్చేవాళ్ళు" అంది మెత్తగా. కసిరినా బాగుండేది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ముఠా పెద్ద దారికి అడ్డంగా నిలబడి అడిగిన మాటలు గుర్తొచ్చాయి. అంత మోసమా, నా ఎదురుగా నవ్వుతూ చెప్పి! కనపడితే కడిగేద్దామనుకున్నాను.

సామాను సర్దుకుని వెనక్కి బయలుదేరాం. అప్పుడు చూశాను. మిరప చేను గట్టు మీద ముఠా పెద్ద మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. తలగుడ్డ చెవి మీది నుంచి తప్పించి, రోడ్డు వైపు మెడ సాచి, దేనికోసమో వింటోంది. మేం వెనక నుంచి చప్పుడు లేకుండా ఆవిడ పక్కకి వచ్చి ఆగాం.

"ఏమే!" అన్నాను.

ఆవిడ గాల్లోకి ఎగిరి, ఒక కాలు గట్టు కింద పడి, మిరప మొక్కల్లో కూలబడింది.

"ఓలమ్మో! ఎక్కడి నుంచి ఊడిపడ్డావే నర్సమ్మా!"

"ఊళ్ళోంచి! పొద్దుటి నుంచి బల్ల దగ్గర కూర్చున్నా. వస్తామని చెప్పి ఇదా చేసేది?"

ఆవిడ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేనా? నువ్వే రాలా! పొద్దుటి నుంచి చెవులు కోసుకుని వింటన్నా. కోత మీద చెయ్యి కూడా ఆడలా. మా వోళ్ళంతా 'నర్సమ్మ మాటే గాలికి పోయింది, పదవే కోద్దాం' అని నన్ను ఎకసెక్కాలాడతన్నారు!"

"బడి దాకా వచ్చి చూస్తే ఏం?"

"చూసేదేంది? నీ చక్రం మోత ఇనపడగానే గోతాలూ గంపలూ వదిలేసి రావాలని అందరికీ చెప్పుంచా. చేను గలాయనకీ అదే చెప్పుంచా. ఏదమ్మా మోత? మోత ఏం చేసుకున్నావు?"

నేను సైకిలు వంక చూశాను. సూపర్వైజరమ్మ క్యారియరు మీది నుంచి దిగి, ఒక్క క్షణం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, డబ్బా గట్టు మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వుతుందని మా సెంటర్లో అంతవరకు ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి వాళ్ళని పారిపోయేలా చేసిన మోతే, ఇప్పుడు రమ్మనే పిలుపు అయిందన్నమాట. దాన్నే ఆదివారం పూట, కళ్ళు మండేలా, ముగ్గురం తుమ్ముతూ, జాగ్రత్తగా చంపి పెట్టాం.

ఐసు ఇంకా ఉంది. గట్టు మీదే తుమ్మచెట్టు కింద స్టవ్వు మళ్ళీ వెలిగించాను. ముఠా పెద్ద గొంతెత్తింది, ఆడవాళ్ళంతా చేలోంచి లేచి వచ్చారు. వచ్చీ రావడం పిల్లల్ని ఎత్తుకున్నారు. కోత చేతులు, మిరప ఘాటు. నేను సూది తీయకముందే గట్టు మీద పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు.

"చేతులు! చేతులు కడుక్కోండే!" అని సూపర్వైజరమ్మ అరిచి, వాళ్ళ అన్నం గంపల్లోంచి మజ్జిగ ముంతలు తీయించి, కొంగు దోపుకుని తనే ఒక్కొక్కరి చేతుల మీద పోసింది. ముఠా పెద్ద మనవరాలు చుక్కలు వేస్తే చప్పరించి, ఇంకా కావాలని నోరు తెరిచింది. ఆ పక్కనే దాని అన్న సన్న కాలు చాపుకుని కూర్చుని, "దానికి ఏడుపు రాలా" అన్నాడు. ముఠా పెద్ద కొంగుతో ముఖం తుడుచుకుంది. ఘాటుకి అని చెప్పింది. నేనూ తుడుచుకున్నాను. నేనూ అదే చెప్పాను.

ఆ ఊరి రోజు ఆ ఊరికే ఉంది.

ఇంటికి రాగానే మా ఆయన గుమ్మంలోనే, "ఎట్లా ఉంది హబ్బు? ఏమన్నా పలికిందా?" అని అడిగాడు.

"పలకలేదు. అదే వచ్చిన గొడవ. కోన్ కాస్త వదులు చేయండి" అని సంగతి చెప్పాను.

ఆయన ముఖం చూడాలి. "నా చేత్తో బాగు చేసింది నా చేత్తోనే పాడు చేయమంటావా?" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు మధ్యేమార్గం వెతికాడు. పాలపిండి డబ్బా మూత కత్తిరించి, స్పోకు పుల్లలకి తగిలేలా చక్రం పక్కన కట్టాడు. మోత బాగానే వచ్చింది. తర్వాతి నెల ఆ పల్లెకి వెళ్తే, చేలోంచి ఆడవాళ్ళెవరూ రాలేదు. ఊళ్ళోంచి మాత్రం పిల్లలు గుంపుగా ఎదురు పరుగెత్తుకొచ్చారు. నా ఉద్యోగంలో నన్ను చూడటానికి పిల్లలు పరుగున రావడం అదే మొదలు. దగ్గరికి వచ్చి నన్ను పోల్చుకుని, అంతకంటే వేగంగా వెనక్కి పరుగెత్తారు. ఐసుఫ్రూటు బండి అనుకున్నారట.

"ఇది నీ మోత కాదమ్మా" అంది ముఠా పెద్ద. "ఆ పాతదే తీసుకురా."

ఆ సాయంత్రం మా ఆయన స్పానరు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. కోన్ వెనక్కి తిప్పి, చక్రాన్ని తోసి విన్నాడు. చాలదనుకుని ఇంకాస్త తిప్పాడు. కటకట మొదలైంది. ఇంటి గలావిడ గుమ్మంలోంచి, "అట్టా ఉంచు మేస్టారూ, అదీ మన నర్సమ్మ బండి" అంది.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలూ, నేను చెప్తానన్న ముక్క ఇదే. మనం వచ్చామని జనానికి ఎట్లా తెలుస్తుందో వాళ్ళనే అడగండి. మనకి నచ్చినట్టు తెలియదు, వాళ్ళకి అలవాటైనట్టే తెలుస్తుంది.

కొన్నేళ్ళకి నాకు సింగరాయకొండ వైపు బదిలీ అయింది. ఆర్డరు చూడగానే మా ఆయన కోన్ బిగించడానికి స్పానరు అందుకున్నాడు, పాపం, అన్నాళ్ళు ఆ మోత విని విని ఆయన ప్రాణం విసిగి ఉంది. "రేపొక్క రోజు ఉండనివ్వండి" అన్నాను. మర్నాడు డబ్బా లేకుండా, స్టవ్వు లేకుండా, ఉత్త సైకిలు మీద ఆ డొంకలోకి వెళ్ళాను. చేలో తలగుడ్డలు ఒక్కసారిగా లేచాయి. ముఠా పెద్ద గట్టెక్కి, "ఇయ్యాల సూది రోజు కాదుగదే?" అంది.

"కాదు. వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చా."

ఆవిడ గట్టు మీద కూర్చున్న పెద్ద మనవడిని ఎత్తి నా క్యారియరు మీద కూర్చోబెట్టి, "ఊరి దాకా తీసుకెళ్ళు, ఆడికి సరదా" అంది. నేను తొక్కాను. చక్రం కటకటమంటోంది. వెనక నుంచి ఇంకో కటకట వినపడింది. తిరిగి చూస్తే ఆ మనవరాలు, చుక్కలు వేసిన పిల్ల, నోటితో నా చక్రం మోత మోగిస్తూ, రెండు కాళ్ళతో దుమ్ము లేపుకుంటూ సైకిలు వెంట పరుగెత్తుకొస్తోంది. క్యారియరు మీది వాడు, "ఇంకా తొక్కమ్మా, అది పట్టుకునేట్టుంది!" అని అరిచాడు.

నేను ఇంకాస్త తొక్కాను. అయినా అది పట్టుకుంది.